రాజీ లేని రాజీనామాలు

తెలుగులో ఉద్యోగం వదులుకునే కాగితాన్ని రాజీనామా అంటాం. ఉర్దూలో దానికి ఇస్తీఫా అనే వేరే మాట ఉంది. రాజీనామా అంటే అక్కడ ఇద్దరూ రాజీ పడి రాసుకున్న కాగితం, సుల్హ్‌నామా లాంటిది. ఉర్దూ నుంచి తెలుగులోకి వచ్చే దారిలో ఎక్కడో అర్థం తిరిగిపోయింది. నాకీ మధ్య ఈ మాట తరచూ గుర్తొస్తోంది. ఎందుకంటే మన ఖాన్‌దానుల్లో నేను చూస్తున్న కొన్ని రాజీనామాల్లో రాజీ అన్నదే లేదు. సంతకం చేసినవాడికి ఏం రాశారో తెలియదు. రాసిన వాళ్లేమో వాడి అమ్మీ అబ్బాలు.

మా ఖాలా కొడుకు సంగతి చెప్తాను. ఇరవై ఏడేళ్లవాడు. జిల్లా కేంద్రంలో ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ బ్రాంచిలో నాలుగేళ్లుగా నౌకరీ. తన్ఖా 19 వేలు. హిసాబులో దిట్ట. ఒక నెలలో నిద్ర తగ్గిపోయింది, మాట పెరిగింది. అర్ధరాత్రి లేచి కస్టమర్ల లిస్టులు రాసుకునేవాడు. తర్వాత భయం మొదలైంది, బ్రాంచిలో అందరూ తన గురించే గుసగుసలాడుతున్నారని. అన్నం మానేశాడు. దవాఖానాకు తీసుకెళ్లారు, డాక్టరు మందులు రాశారు, అంతవరకూ బాగానే ఉంది. పన్నెండో రోజు వాడు మందుల మత్తులో లోపలి గదిలో పడుకుని ఉండగా బయటి గదిలో ఇంటి పెద్దలు కూర్చుని ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అంటూ రాజీనామా తయారు చేశారు. లేపి సంతకం పెట్టించారు. సాయంత్రానికల్లా బ్రాంచి మేనేజరు మంజూరు చేశాడు. ఆయనకూ అదే కావాలి కదా.

మందులు పనిచేశాయి. నాలుగు నెలల్లో మనిషి మామూలుగా అయ్యాడు. నౌకరీ మాత్రం మళ్లీ దొరకలేదు. రెండేళ్లు తిరిగాడు. ప్రతి ఇంటర్వ్యూలోనూ ఒకటే సవాల్: “మధ్యలో ఈ గ్యాప్ ఏంటి?” ఇప్పుడు ఒక మొబైల్ దుకాణంలో రోజుకు నాలుగు వందలకు కూర్చుంటున్నాడు. బీమారీ తీసుకున్నది నాలుగు నెలలు. మిగతా రెండేళ్లూ ఆ కాగితం తీసుకుంది.

ఇంట్లో వాళ్లను తిట్టడానికి ఈ మాట రాయడం లేదు. వాళ్ల మజ్బూరీ నాకు తెలుసు. షుగరు వస్తే దర్జాగా చెప్పుకుంటాం, దావత్‌లో కూర్చుని ఎవరికెంత ఉందో పోల్చుకుంటాం కూడా. దిల్‌కు స్టెంట్ వేస్తే పండ్లు పట్టుకుని పలకరించడానికి వస్తారు. దిమాగ్ బీమారీకి మాత్రం పరదా. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అంటే ఒక బస్తీ పేరు కాదు, తిట్టు. విశాఖలో చినవాల్తేరూ అంతే. రెండూ మనుషులకు ఇలాజ్ చేసే సర్కారీ దవాఖానాలున్న చోట్లు. గుండె ఆసుపత్రి ఉన్న వీధి పేరు పెట్టి ఎవరినీ తిట్టం. ‘సట్కేలా’, ‘పాగల్’ అన్న మాటలు మన పిల్లల నోట అన్నంలో ఉప్పులా కలిసిపోయాయి. అలాంటి చోట ఆఫీసులో ఖబర్ పాకితే చెల్లెలి రిష్తా పోతుందని తండ్రి భయపడతాడు. ‘లోగాఁ క్యా బోలేంగే’ అన్న ఒక్క వాక్యం కోసం కొడుకు నౌకరీ బలి అవుతుంది. అదీ కొడుకు మేలు కోసమే అనుకుంటూ.

“ముందు పూర్తిగా షిఫా కానీ, నౌకరీ ఎక్కడికి పోతుంది?” అంటారు పెద్దలు. వినడానికి ఎంతో ప్రేమగా ఉంటుంది. దీంతో నేను ఏకీభవించను. నౌకరీ పోతుంది, అదే దాని గుణం. ఇంకో సంగతి: పూర్తిగా షిఫా అయ్యాకే పని అనుకుంటే చాలామందికి ఆ రోజు రాదు. షుగరు ఉన్నవాడు షుగరుతోనే పనికి వెళ్తాడు, మాత్రలు వేసుకుంటూ. డిప్రెషన్‌కైనా, బైపోలార్‌కైనా, స్కిజోఫ్రీనియాకైనా చాలామంది విషయంలో అదే దారి. అమెరికాలో 1990ల నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. తీవ్రమైన మానసిక బీమారీ ఉన్నవాళ్లను ఏళ్ల తరబడి శిక్షణ కేంద్రాల్లో కూర్చోబెట్టకుండా, ఇలాజ్ నడుస్తుండగానే మామూలు నౌకరీలో చేర్పిస్తారు. పక్కన ఒక మనిషి ఉండి మాలిక్‌తోనూ డాక్టరుతోనూ మాట్లాడుతూ ఉంటాడు. వేర్వేరు దేశాల్లో పరీక్షించి చూశారు. ముందు శిక్షణ, తర్వాత నౌకరీ అన్న పాత పద్ధతి కంటే ఇదే ఎక్కువమందిని పనిలో నిలబెట్టింది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. పొద్దున ఫలానా టైముకి లేవాలి, స్నానం చేయాలి, నలుగురిలో సలామ్ చెప్పాలి, నెల తిరిగేసరికి అమ్మీ చేతిలో డబ్బు పెట్టాలి. ఏ గోళీ ఇవ్వలేనిది ఇది ఇస్తుంది. ఇంట్లో మంచం మీద పడుకున్నవాడికి పగలూ రాత్రీ కలిసిపోతాయి. నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే బీమారీ తిరగబెడుతుంది.

ఈ తకలీఫ్ ఎవరో కొద్దిమందిదని అనుకోకండి. 2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు 12 రాష్ట్రాల్లో సర్వే చేస్తే, పెద్దవాళ్లలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నట్టు తేలింది. జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి ఇలాజ్ అందడం లేదని కూడా. ఆ 12లో మన రెండు తెలుగు రాష్ట్రాలు లేవు. ఉంటే గొప్పగా వేరేగా ఉండేదని నేననుకోను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో డిప్రెషన్, ఆందోళన వల్ల ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయి. అంత పెద్ద అంకె మనసుకు పట్టదు. మీ మొహల్లాలో ‘ఏం చేస్తున్నాడో ఏమో, ఇంట్లోనే ఉంటున్నాడు’ అని చెప్పుకునే కుర్రాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టండి, అది పడుతుంది.

ఇక ఆమిల్ సాబుల సంగతి. మనింట్లో ఎవరైనా నిద్రలేక, ఏదో వినిపిస్తోందంటే మొదట గుర్తొచ్చేది అసర్, నజర్, ఎవరో చేయించిన పని. దువాకు నేను వ్యతిరేకం కాను, ఎవరు మాత్రం అవుతారు? ఇక్కడ నా బాధ నౌకరీ లెక్కలోది. నలభై రోజుల చిల్లా అంటే నలభై రోజుల గైర్హాజరు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఒక సర్టిఫికెట్ వస్తుంది, దాన్ని ఆఫీసులో పెడితే సెలవు అవుతుంది. తావీజును ఏ హెచ్‌ఆర్ వాళ్లూ సెలవు చీటీగా తీసుకోరు. బీమారీ ముదిరాక దవాఖానాకు వచ్చేసరికి అప్పటికే ‘చెప్పకుండా మానేశాడు’ అని పేరు కొట్టేసి ఉంటుంది.

తమిళనాడులోని ఎర్వాడి దర్గా దగ్గర 2001 ఆగస్టు 6న ఏం జరిగిందో మన పిల్లలకు తెలియదు. గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మంటల్లో లేచి పరుగెత్తలేక చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది. గుజరాత్‌లో మెహ్‌సాణా జిల్లా ఉనావా దర్గాలో మాత్రం దవా, దువా రెండూ ఒకే ఆవరణలో పెట్టారు. ముజావర్లే జాయిరీన్‌ను పక్క గదిలోని డాక్టరు దగ్గరికి పంపుతారు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 934లో ఇంతకాల్ చేసిన అబూ జైద్ అల్ బల్ఖీ దేహానికీ మనసుకూ కలిపి ఒకే కితాబ్ రాశాడు. అందులో శోకం, భయం, వదలని ఆలోచనలు, అన్నింటినీ ఇలాజ్ చేయదగిన బీమారీలుగానే చూశాడు. డమాస్కస్, కైరో బీమారిస్తాన్‌లలో మనసు చెదిరినవాళ్లకు కూడా చోటుండేది. మన బుజుర్గులు అక్కడున్నారు, మనం తాయెత్తు దగ్గర ఆగిపోయాం.

మాలిక్‌ల వైపుకు వస్తాను. ఎందుకంటే మన సమాజంలో నౌకర్లు మాత్రమే కాదు, సేఠ్‌లూ ఉన్నారు. బేకరీలు, వెల్డింగ్ షెడ్లు, టైలరింగ్ కార్ఖానాలు, చెప్పుల దుకాణాలు, బిర్యానీ హోటళ్లు. ఒక్కో దగ్గర ఐదుగురో పదిహేను మందో పనివాళ్లు. వీళ్లకు హెచ్‌ఆర్ లేదు, పాలసీ లేదు. సేఠ్ నోట్లోంచి వచ్చిందే కానూన్.

మా ఊళ్లో ఒక బేకరీ సేఠ్ ఉన్నారు. ఆయన దగ్గర ఖారీ బిస్కెట్ చేసే ఉస్తాద్‌కు తొమ్మిదేళ్ల కిందట బీమారీ వచ్చింది. అతను రాత్రి బట్టీ మీద పనిచేసేవాడు. రాత్రి పదింటికి మొదలై తెల్లారి ఆరింటిదాకా. ఒక రాత్రి ట్రేలు విసిరేశాడు, మైదా బస్తాలో ఎవరో ఏదో కలిపారని. మిగతా పనివాళ్లు భయపడ్డారు. పంపించేయమన్నారు. సేఠ్ పంపించలేదు. నేను అడిగాను, “సేఠ్ సాబ్, రహమ్‌తో చేశారా?” అని. ఆయన నవ్వి, “రహమ్ సంగతి అల్లాకు తెలుసు. ఖారీ పొరలు అట్లా మడిచే చెయ్యి జిల్లాలో ఇంకోటి లేదు భాయ్. కొత్తోడికి నేర్పాలంటే ఏడాది నా సరుకు ఖరాబ్ అవుతుంది” అన్నారు. నాకా జవాబు నచ్చింది. రహమ్ మూడు నెలల్లో అలసిపోతుంది. హిసాబు అలసిపోదు.

ఆయన ఏం చేశారో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు సంగతంతా ఆ చిన్న పనుల్లోనే ఉంది. మొదట రెండు వారాలు రమ్మనలేదు. కానీ ప్రతి శుక్రవారం జుమా తర్వాత ఒక మనిషిని పలకరించి రమ్మని పంపేవారు, ఆ వారం ఖర్చుకు కొంత పైసాతో. నీ జాగా ఇంకా ఉందన్న మాట అట్లా చేరింది. తిరిగొచ్చాక మొదట పొద్దున పది నుంచి రెండింటిదాకా, నాలుగు గంటలే. రాత్రి డ్యూటీ పూర్తిగా బంద్. బట్టీ దగ్గర కాదు, ప్యాకింగ్ బల్ల దగ్గర. నెల తర్వాత పిండి మడతకు మార్చారు. బట్టీకి ఆర్నెల్లు పట్టింది. రెండో గురువారం దవాఖానా రోజు, ఆ రోజు తన్ఖా కోత లేదు. పని చెప్పేది ఒక్కరే. అంతకుముందు సేఠ్, ఆయన తమ్ముడు, కౌంటర్ కుర్రాడు ముగ్గురూ మూడు మాటలు అరిచేవారు. ఇప్పుడు పొద్దునే ఒక చీటీ మీద ఎన్ని ట్రేలో రాసి గోడకు అంటిస్తారు. ఈ చీటీ పద్ధతి మిగతా పనివాళ్లకూ నచ్చింది, ఇప్పుడు అందరికీ అదే. అందరి ముందూ కేకలేయడం మానేశారు. అదొక్కటే తనకు అన్నింటికన్నా ముష్కిల్ అయిందని సేఠ్ ఒప్పుకుంటారు.

ఇందులో లక్షల ఖర్చేమీ లేదు. మొదటి రెండు మూడు నెలలు సగం పనికి ముప్పావు తన్ఖా ఇచ్చారు. మధ్యలో రెండుసార్లు మళ్లీ తిరగబెట్టింది. అప్పుడు మాత్రం గుర్తుపట్టడం తెలిసింది. ఉస్తాద్ వరసగా మూడు రాత్రులు నిద్రపోలేదని అతని బీవీ ఫోన్ చేస్తుంది, సేఠ్ నాలుగు రోజులు సెలవిస్తారు, డాక్టరు మోతాదు మారుస్తాడు. ట్రేలు మళ్లీ ఎగరలేదు. ఈ ముగ్గురి మధ్య ఆ ఫోన్ లైను లేకపోతే మిగతాదంతా ఉన్నా లాభం లేకపోయేది.

కానూన్ సంగతి కొంత తెలిసి ఉండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో మానసిక బీమారీ కూడా ఉంది. సర్కారీ నౌకరీలో ఉండగా ఇలాంటి వైకల్యం వస్తే బర్తరఫ్ చేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే తన్ఖా మీద ఇంకో పనికి మార్చాలి. 2021 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఒక సీఆర్‌పీఎఫ్ ఉద్యోగి కేసులో ఇంకా ముందుకు వెళ్లింది. అతనికి వదలని ఆలోచనల బీమారీ, డిప్రెషన్. క్రమశిక్షణ పేరుతో విచారణ పెట్టారు. బీమారీ వల్ల వచ్చిన ప్రవర్తనకు సజా వేయడం వివక్షేనని కోర్టు చెప్పి దాన్ని కొట్టేసింది. అవసరమైతే వేరే పనికి మార్చండి, తన్ఖా తగ్గకూడదు, కావాలంటే ఆయుధాలు లేని పని ఇవ్వండి అంది. బేకరీ సేఠ్ బట్టీ నుంచి ప్యాకింగ్ బల్లకు మార్చిందీ ఇదే. ముగ్గురు జడ్జీలు ఎన్నో పేజీల్లో చెప్పిన ఇన్సాఫ్‌ను ఆయన మైదా చేతులతో చేశారు.

మరి మన మజ్బూరీ ఏమిటంటే, ఆ రక్షణ సర్కారీ నౌకరీలకు. మనవాళ్లలో ఎంతమందికి అవి ఉన్నాయి? ప్రైవేటు కంపెనీలూ సమాన అవకాశాల విధానం ప్రకటించాలని అదే చట్టం చెబుతుంది. అడిగేవాడు లేక అది గోడ మీద కూడా ఉండదు. కాని ఈఎస్ఐ ఉంది. తన్ఖా 21 వేల లోపు ఉండి నెలనెలా ఈఎస్ఐ కోత పడుతున్నవాడికి బీమారీ సెలవులో ఏడాదికి 91 రోజుల వరకూ తన్ఖాలో 70 శాతం ఇస్తారు. సైకోసిస్ లాంటి తీవ్రమైన మానసిక బీమారీలు దీర్ఘకాల జబ్బుల జాబితాలో ఉన్నాయి. రెండేళ్ల సర్వీసూ చందాలూ సరిగా ఉంటే 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా పొడిగించవచ్చు. మా ఖాలా కొడుకుకు ఆ కోత ప్రతి నెలా పడింది, నాలుగేళ్లు. కార్డు ఇంట్లో ఖురాన్ షరీఫ్ పెట్టే అల్మారాలోనే భద్రంగా ఉంది. ఒక్కరూ తీసి చూడలేదు. అయితే సర్టిఫికెట్ ఈఎస్ఐ డాక్టరు నుంచే రావాలి. ఎవరూ చూడకూడదని చాటుగా ఎక్కడో ప్రైవేటు క్లినిక్‌కు వెళ్తే ఈ పైసా రాదు. పరదా ఖరీదు అక్కడ కూడా కట్టాలి. (హైదరాబాద్ మెట్రోలో ఈఎస్ఐ హాస్పిటల్, ఎర్రగడ్డ పక్కపక్క స్టేషన్లు. మొదటిది చెప్పుకుంటాం, రెండోది దాచుకుంటాం.)

రోగి సంగతి బయటికి చెప్పకూడదనే హక్కును కూడా 2017 చట్టం ఇచ్చింది. అడిగాడు కదా అని డాక్టరు మీ మేనేజరుకు బీమారీ పేరు చెప్పకూడదు. ఆఫీసులో ఎంత చెప్పాలన్నది పనివాడి ఇష్టం. నన్నడిగితే, అందరికీ చెప్పనక్కర్లేదు, ఎవరికీ చెప్పకుండా ఉండనూ కూడదు. మీ పని సర్దగలిగే ఒక్క మనిషికి చెప్పండి. బీమారీ పేరు కాదు, మీకేం కావాలో చెప్పండి. “పొద్దున మందు మత్తు ఉంటుంది, ఎనిమిదికి బదులు పదింటికి వస్తాను, సాయంత్రం రెండు గంటలు ఎక్కువ ఉంటాను.” ఇది ఎవరైనా అర్థం చేసుకునే మాట.

అన్ని పనులూ అందరికీ కుదురుతాయని నేను చెప్పను. మత్తునిచ్చే మందు మొదలుపెట్టినవాడిని లారీ స్టీరింగ్ ముందు కూర్చోబెట్టడం జుల్మ్, అతని మీదా, రోడ్డు మీద వెళ్లేవాళ్ల మీదా. డాక్టరు సరేననేదాకా డిపోలో వేరే పని ఇవ్వాలి. కొన్నిచోట్ల బీమారీకి కారణం ఆ నౌకరీయే. పద్నాలుగు గంటలు నిలబెట్టి, నెలలో ఒక్క సెలవూ ఇవ్వక, తన్ఖా మూడు ముక్కలు చేసి ఇచ్చే మాలిక్ దగ్గర నిలబెట్టడం ఇలాజ్ కాదు. అక్కడినుంచి బయటపడాలి. అయితే ఆ ఫైసలా మనిషి తేరుకున్నాక, తన తెలివితో తను చేయాలి. బీమారీ ముదిరి ఉన్న పన్నెండో రోజున కాదు. అట్లాంటి రోజుల్లో మనం ఇల్లు అమ్మం, రిష్తా ఖాయం చేయం. నౌకరీ మాత్రం ఎందుకు వదిలించాలి?

డిప్రెషన్ మందులు గుణం చూపడానికి కొన్ని వారాలు పడుతుంది. మనవాళ్లు పది రోజులు వాడి ‘ఏం ఫరక్ లేదు’ అని ఆపేస్తారు. బైపోలార్‌కు వాడే లిథియంతో కొందరికి చేతులు సన్నగా వణుకుతాయి. జరీ పని చేసేవాడికి, దర్జీకి అది పెద్ద ముసీబత్, సూదిలో దారం ఎక్కదు. ఆ సంగతి డాక్టరుకు చెప్తే మోతాదు సర్దుతాడు. చెప్పకుండా మందు ఆపేస్తే రెండు నెలల్లో పనీ పోతుంది, మనిషీ పోతాడు. డాక్టరుకు మనం చేసే పని ఏమిటో చెప్పాలి. “నేను రాత్రి డ్యూటీ చేస్తాను”, “నేను కుట్టుపని చేస్తాను” అన్న మాట చాలామంది ఆయన ముందు అననే అనరు.

రమ్జాన్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఏటా ఆ నెలలో కొందరు మాత్రలు ఆపేస్తారు. ఈద్ అయ్యేసరికి దవాఖానాలో ఉంటారు. సహరీకి లేవడంతో నిద్ర ముక్కలవుతుంది. పగలంతా నీళ్లు లేకపోతే లిథియం రక్తంలో పెరిగిపోయి జహర్‌లా మారే ప్రమాదం ఉంది. బీమార్‌కు రోజాలో రుఖ్సత్ ఉందని మనందరికీ తెలుసు, జ్వరమొస్తే వాడుకుంటాం కూడా. ఈ బీమారీకీ అది వర్తిస్తుందని ఒప్పుకోవడానికే మనసు రాదు. రమ్జాన్‌కు నెల ముందే డాక్టరును అడగాలి, మందు టైములు మార్చవచ్చా, రోజా ఉండవచ్చా అని. ఆయన వద్దంటే మస్జిద్ ఇమామ్ సాబ్‌తో కూడా ఆ మాట చెప్పించుకోండి, ఇంట్లో వాళ్ల నోళ్లు మూతపడతాయి.

ఇప్పటిదాకా మగవాళ్ల సంగతే చెప్పాను. ఆడవాళ్ల పనిని పనిగానే లెక్కపెట్టం కాబట్టి వాళ్ల నౌకరీ పోయినా ఎవరికీ తెలియదు. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఖాలాలు, పాతబస్తీలో ఇంట్లోనే జరీ కుట్టే ఆపాలు. కాన్పు తర్వాత దిగులు కమ్మి నాలుగు నెలలు చాట పట్టుకోలేకపోతే ఆకూ తంబాకూ ఇచ్చేవాడు ఆ వాటా పక్కింటికి ఇచ్చేస్తాడు. ప్రైవేటు స్కూల్లో టీచరుగా ఉన్న ఒక బాజీ నాకు తెలుసు. మియ్యా గల్ఫ్‌లో, అత్తగారు మంచంలో, ఆమెకు గుండెదడ, క్లాసులో నిలబడలేని భయం. స్కూలు వాళ్లు ఆమెను మానేయమనలేదు. ఇంట్లోవాళ్లే అన్నారు, “అంత తకలీఫ్ పడి నౌకరీ ఎందుకు, ఇంట్లో కూర్చో” అని. ఆ ఇంట్లో ఆమె ఊపిరి తీసుకునే చోటు ఆ క్లాసు గది ఒక్కటే. ఆమె మానలేదు. హెడ్‌మిస్ట్రెస్‌తో మాట్లాడి మొదటి పీరియడ్ మార్పించుకుంది, మందులు వాడుతోంది, పాఠాలు చెబుతోంది.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు ఒక ముక్క: దాచుకుని మందులు సూట్‌కేసులో వేసుకోకండి. కొన్ని మానసిక మందులు అక్కడ ఇజాజత్ లేకుండా తీసుకెళ్లడం జుర్మ్. ప్రిస్క్రిప్షన్ ఉంచుకోండి, వెళ్లే దేశం రూల్ కనుక్కోండి. దగ్గర డాక్టరు దొరకనివాళ్లకు 14416 నంబరు ఉంది, టెలీ మానస్, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

చివరగా పైసా సంగతి. చిన్న సేఠ్‌లు నాతో అనే మాట ఒకటుంది: “మీరు చెప్పేది సబ్ ఠీక్ హై. సగం పని చేసేవాడికి పూర్తి తన్ఖా నేనెక్కణ్ణుంచి తేవాలి?” న్యాయమైన సవాల్. ఐదుగురితో దుకాణం నడిపేవాడికి ఈఎస్ఐ ఉండదు, తన మార్జిన్ కూడా అంతంతమాత్రం. మరోపక్క మన మస్జిద్‌ల బైతుల్‌మాల్ ఏం చేస్తోంది? ఇంటి పెద్ద నౌకరీ పోయి, ఇల్లు గడవని స్థితికి వచ్చాక నెలనెలా రేషన్ కిట్ ఇస్తోంది. బియ్యం, పప్పు, నూనె. ఏళ్ల తరబడి. అదే పైసాలో కొంత ముందే ఇస్తే? పనివాడు తిరిగొచ్చిన మొదటి మూడు నెలలు సేఠ్ సగం తన్ఖా, బైతుల్‌మాల్ పావు. జాగా పోదు, రేషన్ కిట్ అవసరమూ రాదు. దర్జీ తన్ఖా నెలకు 12 వేలు అనుకుంటే మూడు నెలలకు 9 వేలు. ఒక ఇంటికి ఏడాది కిట్‌ల ఖర్చు ఇంతకంటే ఎక్కువే అవుతుంది.

పోయిన నెల మా మస్జిద్ కమిటీ ముందు ఈ మాట పెట్టాను. సదర్ సాబ్ విన్నారు. ఇద్దరు అడ్డం చెప్పారు, నౌకరీ ఉన్నవాడికి జకాత్ ఎట్లా ఇస్తామని. అది మసలా, ముఫ్తీ సాబ్‌ను అడగాలి. జకాత్ కాకపోతే ఇమ్దాద్ ఖాతా నుంచి ఇవ్వవచ్చని ఖజాంచీ అన్నారు. ముగ్గురు సేఠ్‌లు తమ దగ్గర ఇట్లాంటి మనిషి ఉన్నాడని మీటింగ్ అయ్యాక బయట, చెప్పులు వేసుకుంటూ, నెమ్మదిగా నాతో చెప్పారు. వచ్చే ఇత్వార్ మళ్లీ కూర్చుంటున్నాం.